స్వరలేఖన చిహ్నములు – కంప్యూటరు ముద్రణమున వాని రక్షణము

వేదమునకు గాని సంగీతమునకు గాని ప్రాణము నాదము. నాదము చెవికి విషయము. లిపి కంటికి విషయము. చెవికి విషయమైనదానిని కంటికి చూపుటకై పూర్వులు అక్షరముల పైనను క్రిందను ప్రక్కనను కొన్ని గుర్తులను చేర్చిరి. ఉదాత్తాది స్వరములను తెలుపు గీతలు, సామగానమునందలి అంకెలు, కర్ణాటక సంగీత గ్రంథములందలి స్థాయి చుక్కలు, కాలగీతలు, గమక సంకేతములు ఈ కోవకు చెందినవి. తాళపత్రముపై గంటముతో వ్రాసిన నాడును, సీసపు అచ్చులు కూర్చిన నాడును వీనిని నిలుపుట కష్టముగనే యుండెను. నేడు కంప్యూటరుపై అక్షరములను కూర్చుచున్నారు. పని సులభమైనది. కాని చిహ్నములకు కలుగు హాని తగ్గలేదు. దాని తీరు మాత్రము మాఱినది. ఆ హాని యెట్టిది, అది యేల కలుగుచున్నది, దానిని వారించుటకు పాటింపవలసిన విధులేవి అను మూడు విషయములు ఈ వ్యాసమున యథామతి వివరింపబడుచున్నవి.

1. చిహ్నలోపము యొక్క స్వభావము

అక్షరలోపమునకును చిహ్నలోపమునకును గొప్ప భేదము కలదు. ఒక పదమున అక్షరము జాఱిపోయినచో చదువరి వెంటనే గుర్తించును; మిగిలినది పదము కాకపోవుటయే లోపమును పట్టి యిచ్చును. చిహ్నము జాఱిపోయినచో అట్లు కాదు. మిగిలినది కూడ సాధువుగనే కనబడును. మోహన రాగపు ఆరోహణమును స రి గ ప ద స అని వ్రాసి, చివరి షడ్జముపై తారస్థాయిని తెలుపు చుక్కను విడిచినచో, చదువరికి దోష మేమియు తోపదు. కాని ఆ వ్రాత ప్రకారము పాడినచో, మెట్లెక్కినవాడు పై మెట్టుపై నిలువక తటాలున మొదటి మెట్టునకు జాఱినట్లగును. తార షడ్జమునకును మధ్య షడ్జమునకును కంపనసంఖ్యలో రెండింతల భేదము. అంత భేదమును మోయుచున్నది ఒక్క చుక్క!

వేదమున ఈ సంగతి మన విద్యార్థు లెల్లరు ఎఱిగినదే. త్వష్ట తన హోమమున ‘ఇంద్రశత్రు’ శబ్దమును స్వరము తప్పి పలుకుటచే, ఇంద్రుని సంహరింపవలసిన వృత్రుడు ఇంద్రునిచేతనే హతుడయ్యెనను కథను మహాభాష్యకారుడు వ్యాకరణ ప్రయోజనములను చెప్పు సందర్భమున స్మరించెను. ‘ఇంద్రునకు శత్రువు’ అను తత్పురుషమునందు ఉదాత్తము చివరి అక్షరమున నుండును. ‘ఇంద్రుడు శత్రువుగా గలవాడు’ అను బహువ్రీహియందు మొదటి అక్షరమున నుండును. దీనిని లిపియందు చూతము. ఋగ్వేద తైత్తిరీయ గ్రంథముల పద్ధతిలో ఉదాత్తమునకు చిహ్నము లేదు; అనుదాత్తమునకు క్రింద అడ్డగీత, స్వరితమునకు పైన నిలువు గీత. కావున తత్పురుషమున మొదటి మూడక్షరముల క్రింద అడ్డగీతలు వచ్చును. బహువ్రీహియందు రెండవ అక్షరముపై నిలువు గీత వచ్చును. గీతలన్నియు జాఱిపోయినచో రెండును ఒక్కటే యగును. హంతయు హతుడును ఒకే రూపమున మిగులుదురు. చిహ్నలోపము నిశ్శబ్దముగ జరుగును గనుకనే అక్షరలోపము కంటె ప్రమాదకరమని గ్రహింపవలెను.

2. కర్ణాటక స్వరలేఖనమునందలి చిహ్నములు

తెలుగు స్వరగ్రంథములందు వాడబడు చిహ్నములను ఐదు వర్గములుగ విభజింపవచ్చును.

మొదటిది స్థాయి చిహ్నము. పైన చుక్క తారస్థాయిని, క్రింద చుక్క మంద్రస్థాయిని తెలుపును. చుక్క లేనిచో మధ్యస్థాయి. రెండవది కాల చిహ్నము. ‘స’ యనిన ఒక అక్షరకాలము, ‘సా’ యనిన రెండు. కామా ఒక అక్షరకాలమును, సెమికోలను రెండు అక్షరకాలములను పొడిగించును. స్వరముల నెత్తిన ఒక గీత యున్నచో రెండవ కాలము, రెండు గీతలున్నచో మూడవ కాలము. మూడవది తాళాంగ చిహ్నము: అంగముల నడుమ ఏకదండము, ఆవర్తాంతమున ద్విదండము. నాల్గవది స్వరస్థాన చిహ్నము: రి, గ, మ, ద, నిలకు ప్రక్క క్రిందుగా వేయు 1, 2, 3 అంకెలు. ఐదవది గమక చిహ్నము.

వీనిలో నాల్గవ వర్గమును గూర్చి యొక విశేషము చెప్పవలసి యున్నది. వేంకటమఖి సంప్రదాయమున స్వరభేదములకు అంకెలు లేవు. ర రి రు, గ గి గు, మ మి, ద ది దు, న ని ను అని అచ్చుల భేదముచేతనే స్వరస్థానములు సూచింపబడినవి. ఈ పద్ధతియందు భేదము అక్షరములోనే యిమిడి యున్నది గాని, దానికి అంటించిన గుర్తునందు లేదు. అందువలన ఏ లిపిలో వ్రాసినను, ఏ యంత్రముపై కూర్చినను అది చెడదు. అర్థమును మోయునది అక్షరమువలె స్థిరముగ నుండవలె నను సూత్రమునకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

గమకముల విషయమున తెలుగువారికి పరమ ప్రమాణము సుబ్బరామ దీక్షితుల (1839–1906) సంగీత సంప్రదాయ ప్రదర్శిని. 1904లో ఎట్టయాపురమున తెలుగు లిపిలో అచ్చయిన ఈ మహాగ్రంథమునకు ప్రోద్బల మిచ్చినవారిలో చిన్నస్వామి మొదలియారు ముఖ్యుడు. ఆయన మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలోనికి దింప పూనుకొన్నవాడు. దీక్షితులు మాత్రము తెలుగు అక్షరములపైననే గమకములకు వేర్వేఱు గుర్తుల నేర్పఱచిరి. కంపితమునకు అలవంటి గీత. ఏట్ర జారునకు పైకి లేచు వాలుగీత. ఇఱక్క జారునకు క్రిందికి దిగు వాలుగీత. స్ఫురితమునకు త్రికోణముగ నుంచిన మూడు చుక్కలు. ప్రత్యాహతమునకు అవే చుక్కలు తలక్రిందులుగా. సీసపు అచ్చుల కాలమున, స్వరపంక్తి నెత్తిన ఇన్ని గుర్తులను కూర్చిన ఆ ముద్రాపకుల ఓర్పు కొనియాడదగినది.

ఈ గ్రంథపు పుటలను నేడు యంత్రముచే చదివించి అక్షరములుగ మార్పింప యత్నించువారు ఒక సంగతి గమనింపవలెను. తెలుగు అక్షరములను గుర్తించుటకు శిక్షితమైన సాఫ్టువేరు ఈ చుక్కలను కాగితముపై ధూళిగా భావించి తుడిచివేయును. వాలుగీతలను మాత్రము విరామ చిహ్నములుగ తలచును. అక్షరములు తప్పులేకుండ వచ్చినను గమకము లన్నియు పోవచ్చును. అట్టి ప్రతియందు కృతి యొక్క అస్థిపంజరము మాత్రమే మిగులును.

3. ఒక అంకె – మూడు అర్థములు

సామవేదమున చిహ్నములు అంకెలు. కౌథుమ శాఖ ఆర్చికమున అక్షరముపై 1 ఉదాత్తమును, 2 స్వరితమును, 3 అనుదాత్తమును తెలుపును. గానగ్రంథములకు వచ్చునప్పటికి అవే అంకెలు ప్రథమ, ద్వితీయ, తృతీయాది సామస్వరములను తెలుపును. నారదీయ శిక్ష సామగుల ప్రథమ స్వరమును వేణువు యొక్క మధ్యమముతో సమన్వయించి, ద్వితీయమును గాంధారముగను, తృతీయమును ఋషభముగను, చతుర్థమును షడ్జముగను చెప్పినది. అనగా అంకె పెరిగినకొలది స్వరము దిగును. కర్ణాటక గ్రంథములందు ‘రి’ ప్రక్కనున్న అంకె పెరిగినచో స్వరము ఎక్కును. రూపము ఒక్కటియే, అర్థములు మూడు. అక్షరము నెత్తిన నున్నదా, ప్రక్కన నున్నదా, పంక్తిలో కలిసి యున్నదా, ఏ గ్రంథమున నున్నదా అను వానిని బట్టి అర్థనిర్ణయము. స్థానము మాఱినచో అంకె యుండియు లేనట్లే. నెత్తిన నుండవలసిన అంకె పంక్తిలోనికి జాఱినచో, ఆర్చికమున అది మంత్రసంఖ్యయో స్వరచిహ్నమో తెలియరాదు.

4. రూపము, సంకేతము

ఇంతవఱకు చెప్పిన హాని యేల కలుగుచున్నదో తెలియుటకు కంప్యూటరు అక్షరమును గ్రహించు విధమును తెలిసికొనవలెను. కంప్యూటరు అక్షరముల ఆకారములను గుర్తుంచుకొనదు. ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్యయే సంకేతము. ఆ సంఖ్యకు తగిన ఆకారమును తెరపై చూపునది ఫాంటు. సంకేతము శబ్దము వంటిది, ఫాంటు కంఠస్వరము వంటిది. ఎవరి కంఠమున పలికినను ‘గౌః’ అను శబ్దము ఒక్కటియే యైనట్లు, ఏ ఫాంటున చూపినను సంకేతము మాఱరాదు.

1980, 1990 దశకములలో ఈ నియమము మన భాషలకు అమలుకాలేదు. 1991లో భారతీయ లిపులకు ఒక ప్రామాణిక సంకేత పట్టిక వెలువడినను, యూనికోడు తొలి సంచికయందే తెలుగునకు చోటు దొరికినను, అచ్చుపనులలో వాడుక వేఱుగ నుండెను. తలకట్టును, గుడిని, కొమ్మును, వత్తులను విడివిడి ముక్కలుగ ఆంగ్లాక్షరముల స్థానములలో నిలిపి, ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క ఫాంటును చేసెను. ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో పుటనిండ అర్థము లేని ఆంగ్లాక్షరములు కనబడెడివి. స్వరగ్రంథముల చుక్కలకు, గీతలకు ఎవరికి తోచిన స్థానమును వారిచ్చిరి. తరువాత ఆ గ్రంథములను యూనికోడునకు మార్చినప్పుడు అక్షరములకు పరివర్తన పట్టికలు దొరకినవి గాని, ఆ చుక్కలు పట్టికలలో లేనిచోట్ల రాలిపోయినవి. నే నెఱిగిన ఒక ముద్రణాలయమున ఇట్లే మార్చిన గీతముల పుస్తకమొకటి మంద్రస్థాయి చుక్కలు లేకయే అచ్చై, విద్యార్థుల చేతులకు చేరినది. అక్షరదోషములు మాత్రము దానిలో ఒక్కటియు లేవు!

పాశ్చాత్యులకును ఈ చిక్కు తప్పలేదు. 1985లో అడోబీ సంస్థ వెలువరించిన సొనాటా మొదలుకొని వారి సంగీత ఫాంటులు స్వరచిహ్నములను మామూలు అక్షరముల స్థానములలో నిలిపినవి. ఆ ఫాంటు లేనిచో, పంక్తి మొదట నుండవలసిన కీలక చిహ్నమునకు బదులు, ఆంగ్లమున ‘మఱియు’ అను అర్థమునిచ్చు గుర్తు ప్రత్యక్షమయ్యెడిది. 2001లో యూనికోడు పాశ్చాత్య సంగీత చిహ్నములకు ఒక విభాగమును చేర్చినది. 2013లో స్టైన్‌బెర్గ్ సంస్థ స్మఫల్ అను పేర ఒక ఏర్పాటును ప్రకటించెను. యూనికోడునందు ఎవరికిని కేటాయింపబడని స్వకీయ స్థానములలో ఏ స్వరచిహ్నము ఎచ్చట నుండవలెనో దానియందు నిర్ణయింపబడినది. పలు సాఫ్టువేరులు దానిని అంగీకరించినవి. స్వకీయ స్థానములైనను, అందఱును ఒక ఒడంబడికకు లోబడినచో ప్రమాణమగునని దీనివలన తేలుచున్నది. సాఫ్టువేరు నశ్వరమనుటకును అచ్చట నిదర్శనము కలదు. 1988లో వెలువడి ప్రసిద్ధి గాంచిన ఫినాలే యొక్క అభివృద్ధిని నిలిపివేయుచున్నట్లు 2024 ఆగస్టులో దాని నిర్మాతలు ప్రకటించిరి. సాఫ్టువేరు పోయినను గ్రంథము నిలువవలెనన్నచో, గ్రంథము సాఫ్టువేరును కాక ప్రామాణిక సంకేతమును ఆశ్రయింపవలెను.

మన చిహ్నములలో కొన్నింటికి ఇప్పుడు స్థిరమైన స్థానములు కలవు. (ఇచ్చట చెప్పు సంకేత సంఖ్యలన్నియు పదునాఱు ఆధారముగా గల లెక్కలోనివి.) వేదమున నిలువు గీతకు 0951, అడ్డగీతకు 0952 సంకేతములు. ఇవి దేవనాగరి విభాగమున నున్నను తెలుగు లిపికిని చెల్లును. 0951కు యూనికోడు పట్టికలో ‘ఉదాత్తము’ అని పేరు. మన గ్రంథములలో ఆ గీత తఱచుగ స్వరితమునకు చిహ్నము. ఒకసారి పెట్టిన పేరును మార్చరాదని ఆ పట్టిక నియమము గనుక, అది స్వరితమునకే మిక్కిలి వాడబడునని ప్రక్కన వివరణము చేర్చిరి. యోగము కంటె రూఢి బలీయమని యెఱిగిన మనకు ఇది చిక్కు కాదు. పేరు చూచి భ్రమపడక గీతను చూచి వాడవలెను. 2009లో వెలువడిన యూనికోడు 5.2లో వైదిక చిహ్నములకు ప్రత్యేక విభాగమును, సామవేదమున అక్షరముల నెత్తిన నుండు దేవనాగరి అంకెలును చేరినవి. 2014లో గ్రంథ లిపి చేరినప్పుడు దానికిని నెత్తి అంకెలు లభించినవి. తెలుగు విభాగమున అట్టి తెలుగు అంకెలు లేవు. సామగ్రంథమును తెలుగు లిపిలో అచ్చువేయువారు నెత్తి అంకెలను దేవనాగరి రూపమున తీసికొనవలెను. లేదా పంక్తి సవరణచే పైకెత్తవలెను. రెండవ మార్గమున మీద చెప్పిన ప్రమాదము పొంచియే యుండును.

5. పాటింపవలసిన విధులు

పై విచారమునుబట్టి స్వరగ్రంథములను కూర్చువారికి ఈ క్రింది విధులు ఏర్పడుచున్నవి.

(అ) స్థాయి చుక్కకు వాక్యాంతపు చుక్కను పైకెత్తి వాడరాదు. అక్షరముతో కలియు చుక్కలు యూనికోడున కలవు: పై చుక్క 0307, క్రింది చుక్క 0323. కూర్పు క్రమము ముఖ్యము. ముందు హల్లు, పిదప గుణింతపు గుర్తు, ఆపైన చుక్క. తార నిషాదమునకు నకారము, గుడి, చుక్క అను వరుస. గుడికి ముందే చుక్కను చేర్చినచో గుడి తన హల్లును కోల్పోయి, చుక్కల వలయముపై నిలిచి యుండుట తెరపై కనబడును.

(ఆ) ఫాంటును ఎన్నుకొనుటకు ముందు రి, ని, రీ, నీ అను నాలుగింటిపై చుక్కను పెట్టి పరీక్షింపవలెను. స, గ, ప లపై చక్కగ కూర్చున్న చుక్క గుడిపై పడి దానిలో కలిసిపోవుట కలదు. ఫాంటునందు ఆ చుక్కయే లేనిచో యంత్రము మఱియొక ఫాంటునుండి తెచ్చి అస్థానమున నిలుపును.

(ఇ) కాలగీతను బొమ్మగా గీయరాదు. అక్షరపు పరిమాణము మార్చినప్పుడు బొమ్మగీత తానున్నచోటనే నిలిచి పొరుగు స్వరములను కప్పును. రెండవ కాలము వేఱు స్వరములకు సంక్రమించును. గీత అవసరమైన స్వరముల గుంపునకు ‘రెండవ కాలము’, ‘మూడవ కాలము’ అని పేరు గల అక్షరశైలిని ఏర్పఱచి దానిని వర్తింపజేయవలెను. అప్పుడు గీత అక్షరములతో కూడ కదలును.

(ఈ) స్వరస్థానపు అంకెలను కేవలము చిన్నవిగ చేసి దింపుట కంటె, క్రింది అంకెలకు గల 2080 మొదలు 2089 వఱకు సంకేతములను వాడుట మేలు. ప్రతిని ఎచ్చటికి తీసికొనిపోయినను అంకె పంక్తిలోనికి ఎక్కి రాదు.

(ఉ) ఏకదండ ద్విదండములకు 0964, 0965 సంకేతములు కలవు. ఆంగ్ల కీబోర్డున నున్న నిలువు గీతను వాడుట తగదు. దండము పంక్తి మొదటికి జాఱకుండ, దాని ముందు విడివడని ఖాళీ నుంచవలెను.

(ఊ) స్వరపంక్తి క్రింద సాహిత్యపంక్తిని ఖాళీలు కొట్టి సరిపుచ్చరాదు. తెలుగు అక్షరముల వెడల్పులు సమానములు కావు; ఫాంటు మాఱినంతనే సాహిత్యాక్షరము ప్రక్క స్వరమునకు చేరును. పట్టిక గళ్లయందు కూర్చవలెను. పాశ్చాత్య స్వరలిపి సాఫ్టువేరున సాహిత్యమును విడదీయునప్పుడు సంయుక్తాక్షరమును చీల్చరాదు. ‘కృష్ణా’ యనుదానిని ‘కృ’, ‘ష్ణా’ అనియే విడదీయవలెను. లేనిచో షకారము పొల్లుగ మిగులును.

(ఋ) గమక చిహ్నములలో స్ఫురితపు మూడు చుక్కలకు రూపసామ్యము గల గణిత చిహ్నము 2234 వద్దను, ప్రత్యాహతమునకు 2235 వద్దను కలవు. వానిని గ్రహింపవచ్చును గాని, గ్రంథారంభమున సంకేత వివరణ పట్టిక నుంచి, ఏ గుర్తు ఏ గమకమునకో మాటలలో చెప్పవలెను. స్వకీయ స్థానములను వాడినచో ఈ పట్టిక మఱియు ఆవశ్యకము.

(ౠ) చివరిది నిరాభరణ పరీక్ష. కూర్చిన ప్రతినుండి ఒక పుటను తీసి, అలంకరణ లేమియు నిలువని సాదా అక్షరపు ఫైలులోనికి చేర్చి చూడవలెను. అచ్చట నిలిచినవే నిజముగ గ్రంథమునకు చెందినవి. రాలిపోయినవి వేషమునకు చెందినవి. అర్థమును మోయు చిహ్నము రాలినచో దానికి ప్రామాణిక సంకేతము కలదేమో వెదకవలెను; లేనిచో దానిని మాటలలోనైన తెలుపు మార్గము చూడవలెను. కాలగీత ఈ పరీక్షయందు రాలును గనుక, ఆ శైలి ఎచ్చటెచ్చట వర్తించునో తెలుపు ప్రతిని వేఱుగ భద్రపఱచుట మంచిది.

6. ఆక్షేప సమాధానములు

గురుముఖమున అభ్యసింపవలసిన విద్యకు ఇన్ని చిహ్నములేల యని కొందఱు ఆక్షేపింపవచ్చును. వ్రాతను చూచి చదువువానిని పాణినీయ శిక్ష పాఠకాధములలో లెక్కించినది గదా! నిజమే. కాని ఆ నింద చూచి చదువువానికి గాని, సరిగ వ్రాసినవానికి గాదు. గురువు ఎదుట నున్నప్పుడు చుక్క జాఱిన పుస్తకమును ఆయన నోటితోనే సరిదిద్దును. గురుపరంపర తెగినచోట పుస్తకమే సాక్షి. సాక్షి చెప్పక ఊరకున్న కంటె, నిశ్చయముగ అబద్ధము చెప్పుట ఎక్కువ చెఱుపు. చిహ్నము లేని స్వరపంక్తి ఊరకుండదు. మధ్యస్థాయియని, మొదటి కాలమని నిశ్చయముగ చెప్పును.

ఇన్ని నియమములు కూర్పరులకు భారమని రెండవ ఆక్షేపము. ఈ భారము ఒక్కమాఱు వహింపవలసినది. శైలులు, పట్టికలు, పరీక్షించిన ఫాంటు ఒక గ్రంథమునకు సిద్ధమైనచో తరువాతి గ్రంథములన్నిటికి అవియే చాలును. ఆపైన వలసినది ఒక్కటే: అచ్చు ప్రతిని కంటితో దిద్దుటతో తృప్తి చెందక, స్వరజ్ఞానము గలవారొకరు దానిని చూచి పాడుచుండ, మఱియొకరు మూలమును పట్టుకొని వినవలెను. కన్ను విడిచిన చుక్కను చెవి పట్టును.

కావున అక్షరమునకు ఎంత ఆదరము చూపుచున్నామో అక్షరము నెత్తిన చుక్కకును అంత ఆదరము చూపవలెను. మన ప్రాచ్య కళాశాలల గ్రంథాలయములందు స్వరసహితములైన వేద సంగీత గ్రంథములు కలవు. వానిని కంప్యూటరునకు ఎక్కించు పనికి పూనుకొనువారు, అక్షరములు కూర్చుటకు ముందే చిహ్నముల పట్టికను సిద్ధపఱతురు గాక యని కోరుచున్నాను.